ఇంట్లో లైసెన్సు తుపాకి ఉంటే: తూటా, తాళం, తాళంచెవి (బెంగళూరు తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి)

బీరువాలో పట్టుచీరల వెనక. అటక మీద పాత సూట్‌కేసులో. పరుపు కింద. పూజగది పై అరలో. బెంగళూరులో లైసెన్సు తుపాకి ఉన్న తెలుగువాళ్లని "ఎక్కడ పెట్టారండీ?" అని అడిగితే తరచుగా వచ్చే జవాబులివి. వెంటనే "ఎవరికీ తెలీదులెండి" అంటారు. ఆ ధీమా నాకు భయం పుట్టిస్తుంది. దాచిపెట్టిన తుపాకి ఎవరో ఒకరికి దొరికేదాకే దాగి ఉంటుంది. తూటాలు తీసేసి, తాళం వేసి, ఆ తాళంచెవి లైసెన్సుదారు ఒక్కరి దగ్గరే ఉంటేనే అది భద్రంగా ఉన్నట్టు. ఆ పని ఎలా చేయాలో కింద వివరంగా రాస్తున్నాను.

ఈ ఊళ్లో మనవాళ్ల దగ్గర తుపాకులు రకరకాలుగా వచ్చి చేరాయి. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో తాతగారి 12 బోరు డబుల్ బ్యారెల్ ఉంటుంది. చిక్కబళ్లాపురం, హోసకోటె వైపు తోటలున్న వాళ్ల దగ్గర అడవి పందుల భయంతో తీసుకున్నది ఉంటుంది. వ్యాపారస్తుల దగ్గర కాన్పూరులో తయారైన పాయింట్ 32 రివాల్వర్ ఉంటుంది. సైన్యం నుంచి రిటైరై బ్యాంకుల్లో, క్యాష్ వ్యానుల మీద గన్‌మన్‌గా చేసేవాళ్లు సొంత లైసెన్సు తుపాకితోనే ఉద్యోగానికి వెళ్తారు. డ్యూటీ అయ్యాక ఆ తుపాకి ఒక్క గది అద్దె ఇంటికే వస్తుంది. అందరి అవసరాలూ ఒకటి కావు, ఇళ్లూ ఒకటి కావు. జాగ్రత్తలు మాత్రం అందరికీ ఇవే.

ముందు లైసెన్సు పుస్తకం తీసి చదవండి

చాలామంది రెన్యువల్ తేదీ తప్ప అందులో ఇంకేమీ చూడరు. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమావళి ప్రకారం లైసెన్సు కొన్ని షరతులతో వస్తుంది. దరఖాస్తు పెట్టినప్పుడే తుపాకిని భద్రంగా వాడతానని, భద్రంగా ఉంచుతానని మీరు రాసిచ్చి ఉంటారు. అంటే ఇంట్లో తాళం వేయడం మీ ఇష్టాయిష్టాల విషయం కాదు, ప్రభుత్వానికి మీరిచ్చిన మాట. షరతులు తప్పితే చట్టంలోని 30వ సెక్షన్ కింద జైలు, జరిమానా ఉన్నాయి. 17వ సెక్షన్ కింద లైసెన్సునే రద్దు చేయొచ్చు.

పుస్తకంలో ఇవి చూసుకోండి: తుపాకి నంబరు, లోహం మీద చెక్కిన నంబరు ఒకటేనా? విశిష్ట గుర్తింపు సంఖ్య, అదే యూఐఎన్, పడిందా? ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చని రాసి ఉంది? లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుంది? చిరునామా ఇప్పటిదేనా? ఈ ఆఖరి రెండూ బెంగళూరు తెలుగువాళ్లకి ముఖ్యం. ఆంధ్రలో తీసుకున్న లైసెన్సుతో ఇక్కడ కాపురం ఉంటున్నవాళ్లు, ఊరు మారిన సంగతి లైసెన్సింగ్ అధికారికి తెలియజేసి, ఇక్కడ చెల్లేలా రాయించుకోవాలి. బెంగళూరు నగరంలో ఆ అధికారి పోలీసు కమిషనరు.

2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకి రెండు తుపాకులే పరిమితి, అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. మీ ఇంట్లో ఇంకా మూడోది ఉంటే, ఎక్కడ దాచాలా అని ఆలోచించకండి. ఇవాళే స్టేషనుకో లైసెన్సున్న డీలరు దగ్గరికో తీసుకెళ్లి అప్పజెప్పండి.

ఇంకొక ప్రశ్న కూడా ఇక్కడే వేసుకోండి. ఈ తుపాకి ఇంట్లో ఉండాల్సిన అవసరం నిజంగా ఉందా? తాతగారి జ్ఞాపకమని ఉంచుకుని, ఇరవై ఏళ్లుగా ఒక్కసారీ పేల్చని తుపాకులు చాలా ఉన్నాయి. లైసెన్సున్న డీలరు దగ్గర సేఫ్ కస్టడీలో పెట్టుకునే వీలుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే నా ఓటు దానికే.

తూటాలు తీయడం: చేతికి అలవాటు కావాల్సిన పని

లాకరు కొనడం కంటే ముందు నేర్చుకోవాల్సింది ఇది. తుపాకి ఇంట్లోకి వచ్చాక మొదట చేయాల్సిన పని, లాకరులో పెట్టేముందు ఆఖరున చేయాల్సిన పని ఒకటే: ఖాళీగా ఉందో లేదో చూడటం. ఎవరో ఖాళీ అని చెప్పి చేతికిచ్చినా మళ్లీ చూడాలి. చూస్తున్నంతసేపూ గొట్టం మనుషులు లేని వైపు ఉండాలి. అపార్టుమెంటులో ఆ వైపు ఏదో ముందే నిర్ణయించుకోండి. పైనా మనుషులే, కిందా మనుషులే, పలచటి ఇటుక గోడకి అవతల కూడా మనుషులే. బయటి వైపున్న మందపాటి కాంక్రీటు స్తంభం కాస్త నయం. వేలు ట్రిగ్గరు మీద కాకుండా దాని చుట్టూ ఉన్న గార్డుకి బయట, చట్రం వెంబడి చాచి ఉండాలి.

కాన్పూరు పాయింట్ 32 రివాల్వరైతే దాన్ని మధ్యలో విరవాలి. సుత్తి పక్కన ఎడమవైపున్న లివరుని బొటనవేలితో నొక్కి, గొట్టాన్ని కిందికి వంచితే తూటాలుండే చక్రం వెనక భాగం తెరుచుకుంటుంది. పూర్తిగా వంచినప్పుడు మధ్యలో నక్షత్రం ఆకారంలో ఉన్న ముక్క పైకి లేచి తూటాలన్నిటినీ ఒకేసారి నెడుతుంది. అర్ధమనసుతో వంచితే అది సగమే లేస్తుంది, ఒక తూటా దాని కింద ఇరుక్కుని చక్రంలోనే ఉండిపోవచ్చు. అందుకని ఆరు గదుల్లోనూ వెలుతురు కనబడిందో లేదో ఒక్కొక్కటే లెక్కపెట్టండి. తర్వాత చిటికెన వేలి కొన ఒక్కో రంధ్రంలో పెట్టి తడమండి. చీకట్లో, అలసటలో, కళ్లజోడు లేనప్పుడు కన్ను మోసం చేస్తుంది, వేలు చేయదు.

పిస్టలుకి అసలు ప్రమాదం వరసలో ఉంది. మ్యాగజీను (పిడిలో అమరే తూటాల డబ్బా) తీసేస్తే ఖాళీ అయిపోయిందని అనుకునేవాళ్లు చాలామంది. మ్యాగజీను బయటికి వచ్చినా చాంబరులో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఒక తూటా ఉండొచ్చు. ముందు మ్యాగజీను తీసి పక్కన పెట్టాలి, తర్వాతే స్లైడుని, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు భాగాన్ని, గట్టిగా వెనక్కి లాగి చాంబరులోది బయట పడేయాలి. వరస తిరగబడి ముందు స్లైడు లాగితే, ఉన్న తూటా బయటపడుతుంది, మ్యాగజీనులోంచి కొత్తది చాంబరులోకి ఎక్కుతుంది. ఆపైన మ్యాగజీను తీసి "ఖాళీ" అనుకుని బల్లమీద పెడతారు. ఇలాంటి పొరపాటుతోనే ప్రపంచమంతా ప్రాణాలు పోతున్నాయి. స్లైడుని వెనక్కి ఆపి, చాంబరులోకి తొంగి చూసి, వేలు పెట్టి చూడండి.

12 బోరు డబుల్ బ్యారెల్ అన్నిటికంటే తేలిక. పైనున్న లివరు పక్కకి తోసి తుపాకి విరిస్తే రెండు గొట్టాలూ కనబడతాయి. రెండిట్లోంచీ అవతలి వెలుతురు చూడండి. ఈ తుపాకికి ఒక మేలు కూడా ఉంది: గొట్టాల కింద ఉండే చెక్క భాగం ఊడదీస్తే, గొట్టాలు ఒక ముక్కగా, వెనక కట్టె ఒక ముక్కగా విడిపోతాయి. ఇలా మూడు ముక్కలు చేసి ఉంచిన తుపాకిని ఎవరూ క్షణంలో ఎత్తి పేల్చలేరు. చెక్క భాగాన్ని వేరే తాళంలో పెడితే ఇంకా మంచిది.

"తూటాలు లేని తుపాకి ఉంటే ఎంత, లేకపోతే ఎంత?" అని అడిగేవాళ్లకి ఒక సంగతి. ఇల్లు అంటుకుంటే, విడిగా ఉన్న తూటా వేడికి పగిలి చుట్టుపక్కల చిల్లులు పొడవొచ్చు, అంతే. తుపాకిలో ఉన్న తూటా మాత్రం గొట్టంలోంచి పూర్తి వేగంతో దూసుకొస్తుంది. మంటలార్పడానికి వచ్చిన ఫైరు సిబ్బంది దాని ముందు ఉంటారు.

లాకరు, గోడ, బోల్టు

నగల లాకరులో తుపాకి పెట్టకండి. మన ఇళ్లలో నగల లాకరు పెళ్లిళ్ల సీజనులో వారానికి రెండుసార్లు తెరుచుకుంటుంది. అత్తగారికి, కోడలికి, ఊరి నుంచి వచ్చిన ఆడపడుచుకి అందరికీ తాళంచెవి ఎక్కడుందో తెలుసు. పైగా దొంగ ముందు వెతికేది దాన్నే. తుపాకికి సొంత పెట్టె ఉండాలి. బ్యాంకు లాకరు గురించి ఆలోచించకండి, అందులో ఆయుధాలు పెట్టనివ్వరు.

రివాల్వరు, పిస్టలు అయితే చిన్న ఉక్కు సేఫు చాలు. డబుల్ బ్యారెల్ గొట్టాలు మామూలుగా 28 నుంచి 30 అంగుళాలు ఉంటాయి, కాబట్టి ముక్కలు చేసి ఉంచినా లోపల మూడడుగుల దాకా చోటున్న పెట్టె కావాలి. పొడుగాటి గన్ క్యాబినెట్ దొరకకపోతే, మంచి వెల్డరు చేత మందపాటి రేకుతో చేయించుకోవచ్చు. అలా చేయిస్తే రెండు విషయాలు పట్టుబట్టి చెప్పండి: తలుపు బందులు బయటికి కనబడకూడదు, తాళం పైనా కిందా రెండు చోట్ల పట్టాలి. ఒకే చోట పట్టిన పొడుగాటి తలుపుని స్క్రూడ్రైవరు పెట్టి వంచేస్తారు.

పెట్టె ఎంత గట్టిదైనా మోసుకెళ్లగలిగేదైతే లాభం లేదు. ఎనిమిది, పది కిలోల సేఫుని దొంగ పగలగొట్టడు, చంకన పెట్టుకుని పోతాడు. దాన్ని గోడకో నేలకో యాంకర్ బోల్టులతో బిగించాలి. ఇక్కడ బెంగళూరు గోడల సంగతి చెప్పాలి. కొత్త హైరైజ్ అపార్టుమెంట్లలో మైవాన్ షట్టరింగుతో పోసిన కాంక్రీటు గోడలుంటాయి, బోల్టు రాయిలా పట్టుకుంటుంది. కాకపోతే లోపల కరెంటు పైపులు, ఇనుము ఉంటాయి కాబట్టి ఎక్కడపడితే అక్కడ డ్రిల్లు పెట్టకూడదు. మెయింటెనెన్సు వాళ్లని అడిగి పైపుల దారి తెలుసుకోండి. కాస్త పాత ఇళ్లలో సాలిడ్ బ్లాకు గోడలైనా ఫరవాలేదు. హాలో బ్లాకు గోడైతే మాత్రం బోల్టు బోలులోకి దిగి ఊగుతుంది. అలాంటప్పుడు నేలకో స్తంభానికో బిగించండి. వార్డ్‌రోబు ప్లైవుడ్డుకి స్క్రూ కొట్టి సరిపెట్టుకోకండి, సేఫుతో పాటు ప్లైవుడ్డూ ఊడి వస్తుంది.

అద్దె ఇల్లయితే ఓనరుని అడగాలి. చాలామంది తుపాకి సంగతి ఓనరుకి చెప్పడం ఇష్టంలేక బోల్టు మానేస్తారు. "ముఖ్యమైన కాగితాల కోసం సేఫు బిగించుకుంటాను, ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్పిస్తాను" అని అడిగితే కాదనే ఓనర్లు తక్కువే. అదీ కుదరకపోతే, ఒక్క గదిలో ఉండే గన్‌మన్ తమ్ముళ్లకి నేను చెప్పేది: కనీసం కేబుల్ లాకు వాడండి. తుపాకి తెరిచి, ఆ ఉక్కు తీగను గొట్టం గుండా పోనిచ్చి తాళం వేస్తే తుపాకి మూసుకోదు, తూటా ఎక్కదు. ఏజెన్సీ ఆఫీసులోనో డ్యూటీ చోటులోనో తాళమున్న ఆయుధాల పెట్టె ఇమ్మని పట్టుబట్టి అడగండి. పగలంతా తుపాకి కాపలా పెట్టుకునే సంస్థకి రాత్రి ఆ తుపాకి ఎక్కడుందో పట్టకపోవడం అన్యాయం.

ట్రిగ్గర్ లాకు గురించి ఒక హెచ్చరిక. ట్రిగ్గరుకి రెండువైపులా బిగించే ఆ బిళ్లల్ని తూటాలున్న తుపాకి మీద ఎన్నడూ పెట్టకూడదు. బిగించేటప్పుడే ట్రిగ్గరు నొక్కుకుపోవచ్చు.

ఇక తుప్పు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి తేమకి మూసిన పెట్టెలో ఉక్కు తుప్పు పడుతుంది. పలచగా నూనె రాసి, సిలికా జెల్ సంచి పెట్టి, నెలకోసారి మార్చండి. తోలు కవరులో, తోలు హోల్‌స్టరులో పెట్టి దాచకండి. తోలు తేమని పీల్చి పట్టుకుంటుంది.

తూటాలకి వేరే ఇల్లు

తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో, వీలైతే వేరే గదిలో ఉండాలి. 2005లో అమెరికాలో పిల్లల తుపాకి ప్రమాదాలు, ఆత్మహత్యల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. తుపాకిని ఖాళీగా ఉంచడం, తాళం వేయడం, తూటాలు వేరుగా పెట్టడం, వాటికీ తాళం వేయడం, ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ ఆ ప్రమాదం తగ్గడంతో ముడిపడి ఉందని తేలింది. ఇవాళ నాలుగూ కుదరని ఇల్లు ఉంటే, కుదిరినవాటితో మొదలుపెట్టాలి.

తూటాల లెక్క ఒక చిన్న పుస్తకంలో రాయండి: ఎప్పుడు ఎన్ని కొన్నారు, రేంజిలో ఎన్ని కాల్చారు, ఎన్ని మిగిలాయి. లైసెన్సులో ఉన్న పరిమితి దాటారో లేదో కూడా దాంతో తెలుస్తుంది. డ్రాయరులో, కోటు జేబులో, కారు డాష్‌బోర్డులో ఒక్కటి కూడా మిగలకూడదు. కెంపేగౌడ విమానాశ్రయంలో బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క తూటా స్కానరులో కనబడినా ఆ రోజు ప్రయాణం ఆగి, పోలీసు స్టేషనులో తేలుతుంది.

కాగితం తొడుగున్న పాత తూటాలు ఉబ్బినా, ఇత్తడి మీద పచ్చ చిలుము పట్టినా వాటిని చెత్త బండిలో వేయకండి. చెత్త ఏరే మనిషి చేతిలో పడుతుంది. చెరువులో పారేయకండి. డీలరుకో స్టేషనుకో అప్పజెప్పి రసీదు తీసుకోండి.

తాళంచెవి ఎవరి దగ్గర?

అన్నీ బాగా చేసి, చివరికి తాళంచెవిని దేవుడి పటం వెనక పెట్టే ఇళ్లు ఎన్నో. లాకరు ఖరీదు మొత్తం అక్కడే వృథా అవుతుంది. తాళంచెవి లైసెన్సుదారు ఒంటి మీద ఉండాలి, లేదా ఆయనకి మాత్రమే తెలిసిన నంబరుతో తెరుచుకునే ఇంకో పెట్టెలో ఉండాలి. నంబరు లాకైతే పుట్టినరోజు, పెళ్లిరోజు, కారు నంబరు వద్దు, ఇంట్లో పదేళ్ల పిల్లవాడు మొదట ప్రయత్నించేవి అవే. సేఫుతో పాటు రెండు అత్యవసర తాళంచెవులు ఇస్తారు. అవి ఆ సేఫు డబ్బాలోనే అటక మీద ఉండిపోయాయేమో ఇప్పుడే లేచి చూడండి. బ్యాటరీ లాకైతే ఏటా ఒక తేదీ పెట్టుకుని సెల్లులు మార్చండి.

"మరి దొంగ పడితే?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆత్మరక్షణ కోసమే లైసెన్సు తీసుకున్నవాళ్లకి ఆ భయం నిజమైనదే. దానికి జవాబు దిండు కింద తుపాకి పెట్టుకోవడం మాత్రం కాదు. మంచం పక్కన నేలకి బిగించిన చిన్న బటన్ల సేఫు ఉంటుంది. అలవాటైన చేతికి నాలుగైదు క్షణాల్లో తెరుచుకుంటుంది. వేలిముద్రది తీసుకుంటే తడిచేత్తో, నూనె చేత్తో ప్రయత్నించి చూసుకోండి, కొన్ని తెరుచుకోవు. నిద్రమత్తులో చీకట్లో శబ్దం విన్న మనిషి మొదట చేయాల్సింది గది తలుపు గడియ వేసి 112కి ఫోన్ చేయడం. ఆ అర్ధరాత్రి వంటింట్లో చప్పుడు చేసేది చాలాసార్లు నీళ్లకి లేచిన మన మనిషే.

ఇంట్లో మనుషులు

చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివాళ్లు తుపాకి కలిగి ఉండకూడదు. ఇంట్లో పిల్లలకి "ముట్టుకోకు" అని చెప్పడం అవసరమే, కానీ చాలదు. 2001లో అమెరికాలో 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లల్ని చిన్న గుంపులుగా ఒక గదిలో ఉంచి, డ్రాయరులో తూటాల్లేని నిజమైన తుపాకి పెట్టి పరీక్షించారు. చాలా గుంపులకి అది దొరికింది. దొరికినవాళ్లలో ఎక్కువమంది చేతిలోకి తీసుకున్నారు, కొందరు ట్రిగ్గరూ నొక్కారు. తుపాకి జోలికి వెళ్లొద్దని ముందే నేర్చుకున్న పిల్లలే వాళ్లలో ఎక్కువ. 2006లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, తుపాకి ఎక్కడుందో మా పిల్లలకి తెలియదన్న తల్లిదండ్రుల మాటని ప్రతి పదిమందిలో దాదాపు నలుగురి పిల్లలు కాదన్నారు, వాళ్లకి తెలుసు. మన పిల్లలు వాళ్లకంటే తెలివి తక్కువవాళ్లేమీ కాదు.

పిల్లలకి చెప్పాల్సింది ఇంతే: కనబడితే ముట్టుకోవద్దు, అక్కడి నుంచి వెళ్లిపోండి, పెద్దవాళ్లకి చెప్పండి. దసరాకి కొనిచ్చిన రీలు తుపాకికీ దీనికీ తేడా వాళ్ల కంటికి ఆనదు. ఇంట్లో ఎయిర్ గన్ ఉంటే అదీ తాళంలోనే ఉండాలి. పాయింట్ 177 లోపు బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు, కానీ కన్ను పోగొట్టడానికి ఆ శక్తి చాలు.

పనిమనిషి, వంటమనిషి, డ్రైవరు, పెయింటరు, ఏసీ మెకానిక్కు. బెంగళూరు ఇంట్లోకి రోజూ ఎంతమంది వస్తారో లెక్కేసుకోండి. వాళ్లని అనుమానించమని నేననడం లేదు. తుపాకి పోతే మొదట స్టేషనుకి పిలిచేది వాళ్లనే. తాళం వేయడం వాళ్ల రక్షణ కూడా. ఇంటి వాట్సాప్ గ్రూపులో తుపాకితో ఫోటోలు పెట్టకండి. అది ఎన్ని ఫోన్లలోకి పోతుందో మీ చేతిలో లేదు.

ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేనప్పుడు

దీని గురించి మన ఇళ్లలో మాట్లాడుకోరు, అందుకే నేను ఆగి చెప్తున్నాను. ఉద్యోగం పోయిన అన్నయ్య, పరీక్ష తప్పిన కూతురు, భార్య పోయాక ముభావంగా ఉండే నాన్నగారు, రాత్రిళ్లు తాగి అరిచే మరిది. ఇలాంటి రోజుల్లో ఇంట్లో తుపాకి ఉండకూడదు. తాళం వేసి కూడా ఉండకూడదు. ఆత్మహత్య ఆలోచన చాలామందిలో ఉప్పెనలా వచ్చి తగ్గిపోతుంది. ఆ కాసేపు ప్రాణాంతకమైనది అందుబాటులో లేకపోతే మనిషి దక్కుతాడు, దక్కినవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత బతికే ఉంటారు. తుపాకి దగ్గర రెండో అవకాశం దాదాపు ఉండదు.

లైసెన్సుదారే ఆ స్థితిలో ఉంటే ఇంకా కష్టం. నిష్ఠూరంగా కాకుండా, "నాన్నా, కొన్నాళ్లు డీలరు దగ్గర ఉంచుదాం, మీరు కుదుటపడ్డాక తెచ్చుకుందాం" అని అడగండి. ఆయనతో కలిసి వెళ్లి పెట్టించి రండి. వినకపోతే, ప్రమాదం ఉందనిపిస్తే, స్టేషనులో చెప్పడం ద్రోహమేమీ కాదు. మాట్లాడటానికి మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. 2022లో మొదలైన ఈ సేవకి ప్రధాన కేంద్రం మన బెంగళూరు నిమ్హాన్సే. తెలుగులోనూ మాట్లాడతారు.

మతిమరుపు ముదురుతున్న పెద్దవాళ్ల విషయమూ అంతే. లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, లేదా ఆ తుపాకి 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, ఆయన బతికుండగానే వారసుడి పేరు మీదకి లైసెన్సు కోరే వీలు 2016 నియమావళిలో ఉంది. మంచి రోజుల్లోనే ఆ పని పూర్తిచేయండి.

పెట్టెలోంచి బయటికి తీసినప్పుడు

తుపాకి శుభ్రం చేసేటప్పుడు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. టీవీ ఆపండి, తలుపు మూయండి, ఫోను పక్కన పెట్టండి. మందు తాగిన రోజు లాకరు జోలికే వెళ్లొద్దు.

ఆయుధ పూజ మనకీ కన్నడిగులకీ పెద్ద పండుగ. మహర్నవమి నాడు వాహనాలకి గుమ్మడికాయ కొట్టి, ఇంట్లో పనిముట్లన్నిటితో పాటు తుపాకినీ పీటమీద పెట్టి బొట్టు పెడతారు. ఆ సంప్రదాయం అంటే నాకు గౌరవం. కానీ ఆ రోజే ఇల్లంతా బంధువులు, పిల్లలు, తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. తూటాలు పూజలో పెట్టకండి. డబుల్ బ్యారెల్‌ని విరిచి, లేదా ముక్కలుగానే పెట్టండి. దేవుడికి ముక్కలైనా ఒకటే. హారతి అయ్యేవరకు లైసెన్సుదారు పీట పక్కనే కూర్చోవాలి, భోజనాలకి లేచేముందు తుపాకి లాకరులోకి వెళ్లాలి. తడి పసుపు, కుంకుమ లోహం మీద కాకుండా చెక్క మీద పెట్టండి. రాత్రికల్లా తుడిచి నూనె రాయకపోతే, ఆ వేలిముద్ర ఆకారంలోనే తుప్పు మచ్చ మిగులుతుంది. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్లకి: 2019 నుంచి నిర్లక్ష్యంగా చేసే అలాంటి కాల్పులకి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

ఊరికి తీసుకెళ్లేటప్పుడు తుపాకి ఖాళీగా, కవరులో, తాళమున్న పెట్టెలో ఉండాలి. తూటాలు వేరుగా, లైసెన్సు పుస్తకం మీ దగ్గర. అనంతపురం దారిలో టిఫినుకి ఆగితే తుపాకిని కారు డిక్కీలో వదిలి వెళ్లకండి. ఒకరు కారులో కూర్చోవాలంటే ఆ ఒకరు లైసెన్సుదారే. ఇల్లు మారేటప్పుడు ప్యాకర్స్ వాళ్ల లారీలో అస్సలు వేయకండి. రిపేరుకో రెన్యువల్‌కో వేరే మనిషి చేత పంపాల్సి వస్తే లైసెన్సుదారు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి తీరాలి.

ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు, ఎన్నికలప్పుడు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ ఆరు నెలలు ఇల్లు తాళం వేసే పెద్దవాళ్లు మనలో చాలామంది. తుపాకిని ఖాళీ ఇంట్లో వదలకండి, డీలరు దగ్గరో స్టేషనులోనో పెట్టి వెళ్లండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషను నుంచి డిపాజిట్ చేయమని ఫోను వస్తుంది. బ్యాంకు గన్‌మన్‌లు, పోటీల్లో పాల్గొనే షూటర్లు మినహాయింపు కోరొచ్చు. డిపాజిట్ చేసేటప్పుడు రసీదులో తుపాకి నంబరు, తూటాల సంఖ్య, తేదీ, అధికారి సంతకం ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. అప్పజెప్పేముందు ఫోటో తీసి పెట్టుకుంటే, తిరిగి తెచ్చుకునేటప్పుడు కట్టె మీద కొత్త గీత ఎప్పుడు పడిందో తెలుస్తుంది.

పోతే, లేదా మీరు పోతే

తుపాకి కనబడకపోతే ఇంట్లోవాళ్లని ఒక్కసారి అడగండి, అంతకుమించి ఆలస్యం వద్దు. వెంటనే దగ్గరి స్టేషనుకి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు తీసుకోండి. పరువు పోతుందని రెండు రోజులు ఆగితే, ఈలోగా ఆ తుపాకితో జరిగినదానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. లైసెన్సింగ్ అధికారికీ తెలియజేయండి.

లైసెన్సుదారు చనిపోతే, ఆ లైసెన్సు ఆయనతోనే ముగుస్తుంది. కర్మకాండలయ్యాక చూద్దామని తుపాకిని బీరువాలో ఉంచిన కుటుంబం, తెలియకుండానే లైసెన్సు లేని ఆయుధం ఉంచుకున్నట్టవుతుంది. ఇంట్లో ఎవరైనా ఒక పెద్దమనిషి దాన్ని స్టేషనులో గాని డీలరు దగ్గర గాని పెట్టి, ఆ తర్వాత వారసుల పేరు మీద దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా అమ్మేయొచ్చు. తాళం తీయడం తెలియని కుటుంబం ఆ రోజు ఇబ్బంది పడకుండా, లైసెన్సుదారు ఇప్పుడే ఒక కాగితం రాసి, కవరులో సీలు చేసి, నమ్మకమున్న లాయరు దగ్గరో బ్యాంకు లాకరులోనో ఉంచాలి. అందులో తుపాకి లాకరు తెరిచే నంబరు, తుపాకి నంబరు, లైసెన్సు నకలు, తూటాల లెక్క, డీలరు చిరునామా, మీ స్టేషను పేరు ఉండాలి. లాకరు నంబరు మార్చిన ప్రతిసారీ ఆ కాగితం కూడా మార్చండి.